పాట ఎక్కడ బాగుందో చెప్పడం ఎలా

మా పెద్దనాన్న రేడియోలో పాట వింటూ ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తేవారు. ఇంట్లో అందరూ మాటలు ఆపేయాలి. "ఇదుగో, ఇక్కడ విను" అనేవారు నాతో. ఆ క్షణంలో ఓ వయొలిన్ ముక్క అలా వచ్చి వెళ్లిపోయేది. లేదంటే గాయని ఒక అక్షరం మీద రవ్వంత ఎక్కువసేపు నిలబడేది. పాట అయిపోయాక ఆయన "బాగుంది" అని కూడా అనేవారు కాదు. చెయ్యెత్తిన చోటే ఆయన అభిప్రాయం.

సినిమా పాటల గురించి చాలా ఏళ్లుగా మాట్లాడుతున్నాను, రాస్తున్నాను. నాకు పనికొచ్చిన పద్ధతి అదొక్కటే. "సూపర్", "రొట్ట", "ఇలాంటివి ఇప్పుడు రావు" అని ఎవరైనా అనగలరు. ఎక్కడ ఏం జరిగిందో చూపిస్తే మాత్రం చదివినవాళ్లు ఆ పాట మళ్లీ పెట్టుకుని వింటారు. ఆ చూపించడం ఎలాగో వరసగా చెప్తాను. దీనికి సంగీతం నేర్చుకుని ఉండక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, ఇయర్‌ఫోన్స్, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు సరైన పాట దగ్గరపెట్టుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం తప్పులు ఇక్కడే పుడతాయి. ఆన్‌లైన్‌లో దొరికే పాత పాటలు కొన్ని అసలు వేగంలో ఉండవు. కాపీరైట్ దగ్గర పట్టుబడకుండా ఎక్కించేవాళ్లు స్పీడు పెంచుతారు, దాంతో శ్రుతి కూడా పైకి పోతుంది. అది విని "ఈయన గొంతు ఇక్కడ పలచగా ఉంది" అని రాస్తే పాపం ఆ గాయకుడు ఏం చేస్తాడు? మోనోలో, అంటే ఒకే ఛానెల్లో, రికార్డయిన పాటకి ఎకో కలిపి "హెచ్‌డీ" అని పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆడియో కంపెనీ సొంతంగా పెట్టిన పాటనే తీసుకోండి. అది దొరక్కపోతే రెండు మూడు చోట్ల విని పోల్చుకోండి.

సినిమాలో ఉన్న పాట, రికార్డు మీద వచ్చిన పాట ఒకటే కాకపోవచ్చు. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక పక్క పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. అందుకని పాత పాటల్లో కొన్ని చరణాలు తెర మీద ఉండి రికార్డులో ఉండవు. ఇప్పటి సినిమాల్లో దీనికి ఎదురు జరుగుతుంది. ఆల్బమ్‌లో నాలుగున్నర నిమిషాలున్న పాట, థియేటర్లో రెండో చరణం లేకుండా వెళ్లిపోతుంది. మీరు ఏది విని రాస్తున్నారో ఒక ముక్క చెప్పండి.

ఇక ఫోను స్పీకర్. ఒకప్పుడు నేను ఒక పాటలో బేస్ గిటారే లేదని, అందుకే పాట బోలుగా ఉందని రాశాను. చదివినాయన ఒకరు మర్యాదగా "ఒక్కసారి ఇయర్‌ఫోన్స్‌తో వినండి" అన్నారు. విన్నాను. పాట మొత్తాన్ని మోస్తున్నదే ఆ బేస్. పల్లవి కింద ఒక దారి, చరణం కింద ఇంకో దారి పట్టి నడుస్తోంది. ఫోను స్పీకర్లో కింది శబ్దాలు దాదాపు వినిపించవని నాకు అప్పుడు తట్టలేదు. ఆ రాత దిద్దుకున్నాను గానీ, అప్పటికే చదివినవాళ్లకి నా తప్పు చేరిపోయింది. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఏ వాయిద్యం కుడివైపు ఉందో, ఏది ఎడమవైపు ఉందో గమనించడం కూడా వినడమే.

మూడుసార్లు వినండి, మూడు రకాలుగా

మొదటిసారి ఏమీ రాయకండి. లిరికల్ వీడియో కూడా చూడకండి. హీరో స్టెప్పులు కంట్లో పడితే చెవి సగం మూసుకుంటుంది.

రెండోసారి మాటల వెంటే వెళ్లండి. ఎవరు ఎవరితో అంటున్న మాట, కథలో ఎక్కడ వస్తోంది, పల్లవిలో చెప్పినదాన్ని చరణం ముందుకి తీసుకెళ్లిందా, లేక అక్కడే తిరుగుతోందా చూడండి.

మూడోసారి గొంతుని పూర్తిగా వదిలేయండి. ఇది మొదట్లో కష్టం. మన చెవికి మాట వినిపిస్తే చాలు, దాని వెనకే పోతుంది. బలవంతంగా వెనకున్న వాయిద్యాల మీద మనసు పెట్టండి. పాట మొదలవడానికి ముందు వచ్చే ముక్క ప్రిల్యూడ్, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చేది ఇంటర్‌లూడ్. ఇళయరాజా పాటల్లో మొదటి ఇంటర్‌లూడ్‌కీ రెండోదానికీ చాలాసార్లు పోలికే ఉండదు. మొదటిదాంట్లో వేణువు మాట్లాడితే రెండోదాంట్లో వయొలిన్లు గుంపుగా వస్తాయి. ఈ మూడో వినికిడి అలవాటైతే మీకు తెలిసిన పాటలే కొత్తగా కనిపిస్తాయి.

వింటూ కాగితం మీద పాట అస్థిపంజరం గీసుకోండి. ప్రిల్యూడ్ ఎన్ని సెకన్లు, పల్లవి ఎక్కడ మొదలు, ఇంటర్‌లూడ్ ఎక్కడ, చరణం ఎక్కడ. చెవి నిక్కబొడుచుకున్న ప్రతి చోటా నిమిషం, సెకను వేసుకోండి. "2:14 దగ్గర తబలా ఆగింది" అన్న ఒక్క ముక్క తర్వాత మీకు ఒక పేరాగ్రాఫ్ ఇస్తుంది.

కొన్ని పాటలు మూడుసార్లకీ ఎక్కవు. వాటినే మనవాళ్లు స్లో పాయిజన్ అంటారు. అలాంటి అనుమానం వస్తే వారం ఆగండి. కొత్త పాట మీద మొదటి గంటలోనే తీర్పు చెప్పేయాలన్న టెన్షన్ ఎందుకు? ఒక నిమిషం ప్రోమో విని మాత్రం ఆల్బమ్ గురించి ఎప్పుడూ రాయకండి.

లెక్క పట్టుకోండి

"మాస్ బీట్", "ఊపున్న పాట" అనే ముందు ఆ ఊపు ఎక్కణ్నుంచి వస్తోందో వేళ్ల మీద లెక్కపెట్టండి. చాలా పాటలు నాలుగు లెక్కలో పడతాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ చప్పట్లు కొడితే చక్కగా కుదిరిపోతుంది. కుదరకపోతే ఆరు లెక్కపెట్టండి. ఒకటి-రెండు-మూడు, నాలుగు-ఐదు-ఆరు. ఒకటి మీద, నాలుగు మీద చప్పట్లు. నోటితో అయితే "తకిట తకిట".

'నాటు నాటు' పెట్టుకుని ఇలా చేసి చూడండి. 2023 మార్చిలో ఆ పాటకి ఉత్తమ ఒరిజినల్ సాంగ్‌గా ఆస్కార్ వచ్చినప్పుడు కీరవాణినీ చంద్రబోస్‌నీ ప్రపంచమంతా చూసింది. దాని నడక ఆరు లెక్క, అంటే సిక్స్-ఎయిట్. మన జానపదాల్లో, కోలాటాల్లో, ఊరేగింపు డప్పుల్లో ఈ నడక ఎప్పటినుంచో ఉంది. తకిట తకిట అంటూ కాసేపు వింటే కాలు ఎందుకు నిలవదో మీకే అర్థమవుతుంది. ప్రతి మూడో దెబ్బ తర్వాతా ఒంటి బరువు రెండో కాలి మీదకి మారాలనిపిస్తుంది. "మాస్ పాట" అని వదిలేయడం కంటే ఈ సంగతి చెప్తే చదివేవాళ్లకి ఒక తాళంచెవి ఇచ్చినట్టే.

రాగం పేరుకంటే ముందు స్వరం మార్పు వినండి

రాగం తెలియదని చాలామంది వెనక్కి తగ్గుతారు. కొందరు ఎక్కడో చదివిన రాగం పేరు తెచ్చి అతికిస్తారు. రెండూ వద్దు. రాగం పాటకి ఏం చేస్తుందో మీ చేత్తో మీరే ఒకసారి చేసి చూడండి. పది నిమిషాల పని.

ఫోన్లో ఏదో ఒక పియానో యాప్ తెరవండి. రెండు నల్ల మెట్ల గుంపు ఉంటుంది కదా, దానికి ఎడమ పక్కనే ఉన్న తెల్ల మెట్టు దగ్గర మొదలుపెట్టండి. అది ఒకటి అనుకోండి. అక్కణ్నుంచి కుడివైపుకి తెల్ల మెట్లే లెక్కపెట్టి ఒకటి, రెండు, మూడు వాయించండి. నాలుగు వదిలేయండి. ఐదు, ఆరు వాయించి, ఏడు వదిలేసి పై మెట్టుకి వెళ్లండి. మీరు వాయించింది మోహన రాగం స్వరాలు. వెన్నెల, పడవ, పిల్లగాలి, ఏదో హాయి. 'లాహిరి లాహిరి' ఈ రాగంలోదే.

ఇప్పుడు అన్నీ అలాగే ఉంచి మూడోది ఒక్కటి మార్చండి. ఆ తెల్ల మెట్టు బదులు దానికి ఆనుకుని ఎడమ పక్కనున్న నల్ల మెట్టు వాయించండి. మళ్లీ మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా. హాయి పోయింది, గుండెలో ఏదో బరువు దిగింది. అది శివరంజని. ఐదు స్వరాల్లో నాలుగు అవే. ఒక్క గాంధారం, అంటే ఆ మూడో స్వరం, అరమెట్టు కిందకి దిగింది, అంతే. నేను మొదటిసారి ఇది వాయించి చూసుకున్న రోజు ఆ రెండు మెట్లనే అరగంట మార్చి మార్చి నొక్కుతూ కూర్చున్నాను.

ఇది చేశాక రాగం పేరు చెప్పలేకపోయినా పర్వాలేదు. "పల్లవిలో ఉన్న వెలుతురు చరణం రెండో లైన్లో తగ్గింది, అక్కడ ఒక స్వరం కిందకి దిగినట్టుంది" అని రాయగలరు. అది నిజమైన అభిప్రాయం. సినిమా పాట కచేరీ కాదు కాబట్టి రాగంలో లేని స్వరం వచ్చినంత మాత్రాన తప్పు పట్టకండి. చాలాసార్లు ఆ అన్యస్వరమే పాటకి ప్రాణం. అది ఎక్కడ వచ్చిందో, ఏ మాట మీద వచ్చిందో చూడండి.

గొంతు దగ్గర ఆగండి

'లాహిరి లాహిరి' ఇంకోసారి పెట్టండి, ఈసారి కళ్లు మూసుకుని. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఆ పాట అభిమన్యుడూ శశిరేఖా దగ్గర మొదలై కృష్ణుడూ రుక్మిణుల దగ్గరకి వెళ్తుంది. అభిమన్యుడు నాగేశ్వరరావు, కృష్ణుడు రామారావు. ఇద్దరికీ పాడింది ఘంటసాలే. ఆడవాళ్లకి పాడింది పి. లీల. తెర చూడకుండా, జంట మారిన చోటు మీ చెవికి దొరుకుతుందేమో ప్రయత్నించండి. ఒకసారికి దొరక్కపోతే మళ్లీ మొదటినుంచి. నటుడిని బట్టి గొంతుని మలచడం అన్న మాట మనం తేలిగ్గా వాడేస్తాం. అది ఎంత సన్నని పనో ఈ పాట నేర్పినట్టు ఇంకేదీ నేర్పదు.

గొంతు గురించి రాసేటప్పుడు మూడు విషయాలు చూస్తే చాలు. శ్రుతిలో నిలిచిందా, ఊపిరి మాట మధ్యలో తీసుకున్నారా లేక మాట పూర్తయ్యాక తీసుకున్నారా, అక్షరం అక్షరంలా పలికిందా. ణ, ళ, శ, ఒత్తులు. ఉచ్చారణ బాగాలేకపోతే ఏ మాట దగ్గర బాగాలేదో చెప్పండి. ఊరికే "పరభాషా గాయకులు" అని కొట్టిపారేయొద్దు. తమిళనాడులోని వేలూరులో పుట్టిన వాణీ జయరాం 'శంకరాభరణం' పాటలకి జాతీయ అవార్డు తీసుకున్నారు. గాయని చిత్ర మాతృభాష మలయాళం. పుట్టిన చోటు చూసి కాదు, పలికిన అక్షరం విని మాట్లాడాలి.

ఇది ఎలా చెప్పాలో నేర్చుకోవడానికి మనకి మంచి బడి ఒకటుంది. 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా' పాత ఎపిసోడ్లు చూడండి. పిల్లలు పాడాక బాలసుబ్రహ్మణ్యం ఏమన్నారో రాసుకోండి. "బాగా పాడావమ్మా" దగ్గర ఆయన ఆగరు. ఏ సంగతి (ఒకే లైనుని కొత్తగా మార్చి పాడే తీరు) దగ్గర శ్రుతి జారిందో తానే పాడి చూపిస్తారు, ఏ మాటకి అర్థం తెలియకుండా పాడారో అడుగుతారు, అదీ పిల్లల ముఖం చిన్నబోకుండా. పాట రాసినవారినీ బాణీ కట్టినవారినీ తప్పకుండా తలుచుకుంటారు. విమర్శలో మర్యాద అంటే ఏమిటో నేను అక్కడే నేర్చుకున్నాను.

మాట బాణీలో ఇమిడిందా చూడండి

సాహిత్యం బాగుంది, బాలేదు అనడానికి ముందు ఒక ప్రశ్న వేసుకోండి. ట్యూన్ ముందు వచ్చిందా, మాట ముందు వచ్చిందా? సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ తెలుగులో ఎక్కువగా రాసిన పాటకే బాణీ కట్టేవారు. అందుకే ఆయన పాటల్లో మాట విరగదు. ఇప్పుడు చాలావరకు ట్యూన్ ముందు, మాట తర్వాత. ఆ కష్టం ఏమిటో చిన్న ఉదాహరణతో చూడండి.

ట్యూన్ "తానన" అని ఉందనుకోండి. "వెన్నెల" హాయిగా కూర్చుంటుంది, ఎందుకంటే "వెన్" బరువైన అక్షరం, మిగతా రెండూ తేలిక. అదే ట్యూన్ "తనానా" అని ఉంటే? అక్కడ వెన్నెల పెడితే పాడేవాళ్లు "వెనేలా" అని సాగదీయాల్సి వస్తుంది. మాట చచ్చిపోతుంది. అక్కడ "వసంతం" కావాలి. పాట మొత్తంలో ప్రతి చోటా కవి ఈ పని చేస్తూనే భావం కూడా చెప్పాలి. మీరు వినే పాటలో ఏదైనా మాట వింతగా వినిపిస్తే, దాన్ని మామూలుగా మాట్లాడినట్టు ఒకసారి పలకండి, తర్వాత పాడినట్టు పలకండి. తేడా ఎక్కడుందో దొరుకుతుంది. కవి చిన్న అక్షరాన్ని పెద్దది చేశాడా, లేక కవి సరిగ్గానే రాస్తే గాయకుడు సాగదీశాడా అన్నది కూడా తేలుతుంది.

డబ్బింగ్ పాటలకి ఇంకో ముడి కూడా ఉంటుంది. తెర మీద పెదవుల కదలిక ముందే ఖాయమైపోయింది. పరాయి భాషలో పెదవులు మూసుకున్న చోట తెలుగులోనూ ప, బ, మ లాంటి అక్షరం పడాలి. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా డబ్బింగ్ సాహిత్యాన్ని నేరుగా రాసిన పాటతో పోల్చడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

పేర్లు సరిచూసుకోండి

పాట మీద ప్రేమ ఉన్నవాళ్లు చేయాల్సిన మొదటి మర్యాద ఇది. 'మాయాబజార్' టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల అని ఉంటుంది. కానీ 'లాహిరి లాహిరి' సహా కొన్ని పాటలకి బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఆయన మధ్యలో తప్పుకున్నాక ఘంటసాల ఆ బాణీలకి వాద్యసహకారం సమకూర్చి, మిగతా పాటలు తాను చేసి పూర్తి చేశారు. ఇప్పుడు ఆ పాట గురించి రాస్తూ ఒక్కరి పేరే రాస్తే రెండోవారికి అన్యాయం జరుగుతుంది. కీరవాణి, మరకతమణి, ఎం.ఎం. క్రీమ్ ముగ్గురూ ఒక్కరేనని తెలియక "ఆ హిందీ పాట మన కీరవాణి కొట్టేశారు" అని వాదించేవాళ్లని చూశాను.

ఆన్‌లైన్ పాటల కింద ఉండే వివరాల్లో గీత రచయిత పేరు తరచూ తప్పుంటుంది, లేదా ఉండనే ఉండదు. సినిమా టైటిల్స్, రికార్డు అట్ట, క్యాసెట్ ఇన్‌లే కార్డు చూడండి. ఆకాశవాణిలో పాటకి ముందు సినిమా, రచన, సంగీతం, గానం అని వరసగా చదివేవారు. అలా నాలుగు పేర్లూ రాసే అలవాటు చేసుకోండి.

నేపథ్య సంగీతానికి వేరే కొలత

పాటలు బాగుండి రీరికార్డింగ్ (ఆర్ఆర్, అంటే నేపథ్య సంగీతం) తేలిపోయిన సినిమాలున్నాయి, పాటలు అంతంతమాత్రమైనా ఆర్ఆర్‌తో నిలబడిన సినిమాలూ ఉన్నాయి. జాతీయ అవార్డుల్లో రెండిటికీ విడివిడిగా ఇస్తారు. 69వ అవార్డుల్లో పాటలకి 'పుష్ప'కి దేవి శ్రీ ప్రసాద్, నేపథ్య సంగీతానికి 'ఆర్ఆర్ఆర్'కి కీరవాణి తీసుకున్నారు. మీరూ విడగొట్టే చూడండి.

మీకు నచ్చిన ఒక సీను ఎంచుకోండి, రెండు నిమిషాలు చాలు. మొదట సౌండ్ తీసేసి చూడండి. తర్వాత తెర వైపు చూడకుండా వినండి. ఆ తర్వాత రెండూ కలిపి. సంగీతం నటుడి ముఖంలో మార్పు రాకముందే వచ్చేసిందా, వచ్చాక వచ్చిందా? ముందే వస్తే మనకి ఏం అనుకోవాలో చెప్పేసినట్టు. తర్వాత వస్తే మనం అనుకున్నదాన్ని నిలబెట్టినట్టు. నాకు రెండోది ఇష్టం, కానీ హీరో ఎంట్రీలో మొదటిదే పని చేస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, సంగీతం ఎక్కడ ఆగిందో రాసుకోండి. పెద్ద ఫైట్ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని పెట్టింది కూడా సంగీత దర్శకుడే, దర్శకుడితో మాట్లాడుకుని.

ఒక పాత్రకో, ఒక బంధానికో ఒక చిన్న బాణీ ఇచ్చి సినిమా అంతా తిప్పుతారు. మొదటిసారి వేణువు మీద వచ్చింది, క్లైమాక్స్‌లో అదే బాణీ గుంపు వయొలిన్ల మీద వచ్చిందా? అది పట్టుకుంటే మీ రాతకి వెన్నెముక దొరికినట్టే.

టీవీ సంగతికొస్తే, వెబ్ సిరీస్ మొదటి ఎపిసోడ్‌లో స్కిప్ ఇంట్రో నొక్కకండి. టైటిల్ మ్యూజిక్ కథ మూడ్ చెప్పేస్తుంది. సీరియల్ పాటని కూడా చిన్నచూపు చూడొద్దు. దూరదర్శన్‌లో వచ్చిన 'ఋతురాగాలు' టైటిల్ సాంగ్ ఇప్పటికీ పాడుకునేవాళ్లున్నారు. నెలల తరబడి రోజూ విన్నా విసుగు పుట్టని పాట చేయడం మామూలు పని కాదు.

"కాపీ" అనే ముందు

రాగం ఒకటే అయితే కాపీ కాదు. లెక్క ఒకటే అయితే కాపీ కాదు. కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఒకే వరసలో వచ్చినా కాదు, అవి అందరి సొత్తు. రెండు పాటలనీ మాటలు లేకుండా, తాళం లేకుండా కూనిరాగంగా తీయండి. ఎంతసేపు కలిసి నడిచాయి? మొదటి నాలుగు స్వరాలు కలవడం మామూలే. పల్లవి మొత్తం కలిస్తే అప్పుడు ఆలోచించండి. ఏది ముందు వచ్చిందో విడుదల తేదీ చూడండి. రీమేకా, హక్కులు కొన్నారా, సంగీత దర్శకుడు తన పాత బాణీనే వేరే భాషకి తెచ్చుకున్నారా అన్నదీ చూడండి. అన్నీ చూశాక కూడా అనుమానం ఉంటే "ఈ పల్లవి ఆ పల్లవిని గుర్తు చేసింది" అని రాయండి. దొంగ అన్న మాట ఒకరి ఏళ్ల కష్టం మీద పడుతుంది.

ఇప్పుడు రాయండి

నోటుపుస్తకంలో పది గుర్తులుంటే అందులో రెండే తీసుకోండి. అన్నీ చెప్పాలనుకుంటే రాత జాబితా అయిపోతుంది. మొదటి వాక్యంలోనే మీ చెయ్యెత్తిన చోటు రావాలి.

ఇలా రాస్తారు చాలామంది: "లాహిరి లాహిరి ఎవర్‌గ్రీన్. ఘంటసాల గారు లెజెండ్. ఎన్నిసార్లు విన్నా బోర్ కొట్టదు." ఇందులో అబద్ధం ఏమీ లేదు, కానీ ఘంటసాల పాడిన ఏ పాట పేరు పెట్టినా సరిపోతుంది.

ఇలా రాసి చూడండి: "లాహిరి పాటలో ఇద్దరు మగవాళ్లు పాడతారు, గొంతు ఒక్కటే. అభిమన్యుడిలో ఉన్న కుర్రతనం కృష్ణుడి దగ్గరకి వచ్చేసరికి అన్నీ తెలిసినవాడి నిదానం అయిపోయినట్టు నాకు వినిపిస్తుంది. బాణీ అదే, రాగం అదే మోహన. మారింది పాడిన మనసు." ఇది ఇంకే పాటకీ అతకదు. దీనితో ఎవరైనా విభేదించవచ్చు కూడా, "నాకలా వినిపించలేదు" అని. అలా విభేదించే వీలుంటేనే అది అభిప్రాయం.

నచ్చనప్పుడు కూడా ఇదే పద్ధతి. "సోది పాట" అనకుండా "చరణం పల్లవి బాణీలోనే తిరుగుతోంది, కొత్త ఎత్తుకి వెళ్లలేదు" అనండి. వ్యూస్ లెక్క, వసూళ్ల లెక్క రాతలోకి తేకండి. సినిమా ఆడలేదు కాబట్టి పాటలు బాలేవు అన్న మాటకి అర్థం లేదు.

అభిమానం ఉంటే దాచకండి

ఒక సంగీత దర్శకుడంటే నాకు ప్రాణం. అది ముందే చెప్పేస్తాను, అప్పుడు చదివేవాళ్లు నా మాటని ఎంత తూకం వేయాలో వాళ్లే వేసుకుంటారు. కానీ ఏడాదికి ఒకసారైనా ఆయన పాటల్లో నాకు నచ్చనిదాని గురించి కారణాలతో రాస్తాను. నాకు అంతగా ఎక్కని ఇంకొకరి పాటల్లో నిజంగా బాగున్నది వెతికి దాని గురించీ రాస్తాను. రెండోది కష్టం. వారం పట్టిన సందర్భాలున్నాయి. దొరికినప్పుడు మాత్రం చెవి కొంచెం పెద్దదైనట్టుంటుంది.

ఎవరైనా మీ హీరోనో, మీ సంగీత దర్శకుడినో తిడుతూ వస్తే "ఏ పాటలో, ఎక్కడ?" అని అడగండి. జవాబు చెప్పినవాళ్లతో గంటసేపైనా మాట్లాడండి. చెప్పలేనివాళ్ల దగ్గర ఆ ప్రశ్నతోనే మాట ఆగిపోతుంది.

చివరగా ఒక పని. రాసిన ప్రతిదానికీ కింద తారీఖు వేయండి. ఏడాది తర్వాత ఆ పాట మళ్లీ విని, అభిప్రాయం మారితే పాతది కొట్టేయకండి. దాని కిందే ఇంకో తారీఖు వేసి, ఈసారి ఎక్కడ చెయ్యెత్తారో రాయండి.